మన బండి కాదండి

మొన్న ఆదివారం పెనుగొండ అమ్మవారి దర్శనం చేసుకుని వెళ్తున్న ఒక కుటుంబం మా షెడ్డు ముందు కారు ఆపింది. వరసగా నిలబెట్టిన పాత ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజన్లు, కాలితో తొక్కే నూర్పిడి యంత్రం చూసి అమ్మకానికి పెట్టాననుకున్నారట. కాదని తెలిశాక ఫొటోలు తీసుకున్నారు. వెళ్ళబోతూ వాళ్ళమ్మాయి, "వీటిలో మీ పొలంలో తిరిగింది ఏదండీ?" అని అడిగింది. ఒక్కటీ లేదంటే నమ్మలేనట్టు చూసింది. ఎండలో నిలబెట్టి అంత కథ చెప్పలేక ఊరుకున్నాను.

మా నాన్నగారు కొన్న ఎర్ర ట్రాక్టరు ఒకటి మాకుండేది. దాని డ్రైవరు నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. ఇరవై ఏళ్ళపాటు ఆయన తప్ప ఇంకెవరూ ఆ సీటులో కూర్చోలేదు. ఊడ్పుల ముందు పొలాలు దమ్ము చేసే రోజుల్లో బండికీ ఆయనకీ బురదలో తేడా తెలిసేది కాదు. సాయంత్రం కాలవ దగ్గర ముందు బండిని కడిగి, తరవాత తను స్నానం చేసేవారు. ఆదివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్ళేవారు. ఆ రోజు బండి కదపమని నాన్నగారు కూడా అడిగేవారు కాదు. అలాంటి మనిషిని మా ఇంట్లో చిన్నా పెద్దా అందరం "నువ్వు" అనే పిలిచేవాళ్ళం. ఆయన మమ్మల్ని "బాబుగారూ" అనేవారు. అప్పట్లో అదేమీ వింతగా తోచలేదు.

నాన్నగారు పోయాక పొలం నా చేతికి వచ్చింది. నేను భీమవరంలో లెక్కల మేష్టారిని. చుట్టూ అందరూ చేపల చెరువులు తవ్వుతుంటే మా పొలమూ తవ్వించి లీజుకిచ్చేశాను. ట్రాక్టరుతో పని లేకుండా పోయింది. ఆయన ఏదో పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్ళినప్పుడు దాన్ని అమ్మేశాను. ఎదురుగా ఉండగా అమ్మే ధైర్యం లేక ఆ నాలుగు రోజులే చూసుకున్నాను. తిరిగొచ్చి ఖాళీ పాక చూశారు. తన దగ్గరున్న రెండో తాళంచెవి మా ఆవిడ చేతికిచ్చి, సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆయన ఎక్కడ ఎదురుపడినా నేనే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ఇరవై ఏళ్ళు అలా తిరిగాను.

రిటైరయ్యాక ఆ బండి కోసం వెతకడం మొదలుపెట్టాను. కాలక్షేపమని ఇంట్లో చెప్పాను. కొన్నవాళ్ళు ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి అమ్ముకుంటూ పోయారు. చివరికి రావులపాలెం అరటి మార్కెట్టు దగ్గర టీ తాగుతూ ఒక మెకానిక్కును అడిగితే, పాత ఇనుము కొట్టులో అలాంటిది పడుందన్నాడు. వెళ్ళి చూశాను. అదే మోడలు, అదే ఎరుపు, నంబరు ప్లేటు లేదు. మనదేనని మనసు తీర్మానించేసింది. లారీ మీద ఇంటికి తెప్పించి ఆయనకు కబురు పంపాను.

కూతురి చెయ్యి పట్టుకుని ఆటో దిగారు. చూపు బాగా మందగించింది. మా ఆవిడ పసుపు, కుంకుమ, కొబ్బరికాయతో సిద్ధంగా ఉంది. ఆయన బండి మీద చెయ్యేసి చుట్టూ ఒకసారి నడిచి, ఎడమ మడ్‌గార్డు కిందికి చెయ్యి పోనిచ్చి చాలాసేపు తడిమారు.

"ఇది మన బండి కాదండి," అన్నారు.

"సరిగ్గా చూడండి," అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన్ని "మీరు" అన్నానని తరవాత మా ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు.

"మన బండి కాలవ గట్టు గుద్దుకున్నప్పుడు ఇక్కడ చీలితే, దగ్గరుండి వెల్డింగు పెట్టించానండి. దీనికి లేదండి."

మా ఆవిడ మెల్లగా, "మరి కొబ్బరికాయ కొట్టనా, మాననా?" అంది. ఆయన నవ్వేశారు. "కొట్టండమ్మగారూ. ఇదీ ఎవరో ఒకరి పొలం దున్నిందే కదండీ, ఆయ్."

ఆ బండిని బాగుచెయ్యడానికి మర్నాటి నుంచి రోజూ క్యారేజీ పట్టుకుని షేర్ ఆటోలో వచ్చేవారు. ఆయన నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చెప్పడం, నేను బండి కింద దూరి చెయ్యడం. ఇంత సులువు లెక్క రాదా అని ముప్పై ఏళ్ళు పిల్లల్ని కసిరినవాణ్ణి, నట్టు ఏ వైపు తిప్పితే వదులవుతుందో తెలియక తెల్లమొహం వేసేవాణ్ణి. ఆయన మాత్రం ఒక్కసారీ కసరలేదు. "ఇంకోపాలి చూడండి బాబుగారూ," అనేవారంతే.

ఒకరోజు అలా కింద పడుకుని ఉండగానే నోరు విప్పాను. ఆయన మొహం కనిపించకపోవడమే నాకు ధైర్యమైంది.

"ఆరోజు మీకు చెప్పకుండా అమ్మేశాను. తప్పు చేశాను."

కుర్చీ బండి దగ్గరికి జరిగిన చప్పుడైంది.

"అమ్మడం తప్పేంటండి, బండి మీది. ఒక్క మాట చెప్పుంటే శుభ్రంగా కడిగి పంపేవాణ్ణి. బురదతోనే పోయిందండి అది."

నాకు ఏడుపు ఆగలేదు. డీజిలు కళ్ళలో పడిందన్నాను. ఆయన కిందికి వంగి గుడ్డ అందించారు.

మూడో నెలలో బండి స్టార్టయింది. పెరడంతా నల్లపొగ కమ్మి, మా ఆవిడ ఆరేసిన బట్టలన్నీ మళ్ళీ ఉతుక్కోవలసి వచ్చింది. ఆయన తల వంచి ప్రార్థన చేసుకున్నారు. తరవాత కూతురు వద్దంటున్నా సీటెక్కి, నన్ను పక్కన మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని, నేను దారి చెబుతుంటే పెరడంతా ఒక చుట్టు తిప్పారు.

అక్కడి నుంచి ఆరేళ్ళు, ఎక్కడ పాత యంత్రం ఉందని విన్నా ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఆయన చెయ్యి వేసి బాగుందంటేనే తెచ్చేవాణ్ణి. మా బండి మాత్రం దొరకలేదు. దానికోసం బయల్దేరామన్న సంగతే పోనుపోను మరిచిపోయాం. నిరుడు వానాకాలంలో ఆయన వెళ్ళిపోయారు. ఒక్క మాట చెప్పడానికి నేను ఇరవై ఏళ్ళు వృథా చేసినా, కాలం దయ తలచి ఆరేళ్ళు ఆయన పక్కన కూర్చోనిచ్చింది. అంత ఆలస్యంగా వచ్చినవాడికి అది చాలా ఎక్కువే.