మొదటి అధ్యక్షుడి ఆలస్యం

భీమశంకర్ ఒక మందుల కంపెనీ లాబ్‌లో కెమిస్టు. అమెరికాలోని ప్లెయిన్స్‌బరో చుట్టుపక్కల తెలుగువాళ్ళు 1978లో సంఘం పెట్టుకున్నప్పుడు ఆయన్ని మొదటి అధ్యక్షుణ్ణి చేశారు. కారణం పెద్దదేమీ కాదు. అందరిలోకీ వయసులో పెద్ద, పైగా ఎవరితోనూ గొడవ లేనివాడు. ఆయన మాత్రం దాన్ని మహా సీరియస్‌గా తీసుకున్నాడు. పౌరసత్వం పరీక్షకని కొన్న పుస్తకం తీసి, ఈ దేశపు మొదటి అధ్యక్షుడు ఏమేం చేశాడో చదవడం మొదలుపెట్టాడు.

సాయంత్రాలు వంటింట్లో కూర్చుని భార్య వసుమతికి చదివి వినిపించేవాడు. వాషింగ్టన్‌ని ఏమని పిలవాలో తేలక పెద్ద చర్చ జరిగిందట. ఘనమైన బిరుదులన్నీ పక్కన పడేసి, ఉత్త ‘మిస్టర్ ప్రెసిడెంట్’తో సరిపెట్టారట. రెండు దఫాలు చేసి, ఇంక చాలని ఇంటికెళ్ళిపోయాడట. తను ఏం చేస్తే వెనక వచ్చేవాళ్ళు అదే చేస్తారని ప్రతి పనికీ వెనకా ముందూ చూసుకునేవాడట. వసుమతి బెండకాయలు తరుగుతూ అంతా వింది.

“అంత పెద్దమనిషే భయపడ్డాడంటే, మీరూ కాస్త భయపడండి” అంది.

భయపడ్డాడు కూడా. శాలువాలు వద్దన్నాడు. స్టేజి మీద తనకు వేరే కుర్చీ వద్దన్నాడు. ఫంక్షన్ అయ్యాక మడత కుర్చీలన్నీ గోడకు చేర్చేదాకా హాలు వదిలేవాడు కాదు. రెండేళ్ళు కాగానే, ఇంకో ఏడాది ఉండమని అందరూ బతిమాలినా వినకుండా దిగిపోయాడు. తర్వాత వచ్చిన ప్రెసిడెంట్లంతా రెండేళ్ళకే దిగారు, కుర్చీలు సర్దారు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, పైకి కొట్టిపారేసేవాడు గానీ, లోపల గర్వంగానే ఉండేది.

ఒక్క విషయం మాత్రం బయట ఎవరికీ చెప్పలేదు. మొదటి ఉగాది నాడు రూట్ వన్ హైవే మీద ఆయన కారు టైరు పంక్చరైంది. గ్యాస్ స్టేషన్ నుంచి, పండగ పెట్టుకున్న స్కూలు హాలుకి ఫోన్ చేస్తే, వంటలతో ముందే వెళ్ళిన వసుమతి తీసింది. నూటయాభై మంది కూర్చున్నారు, పిల్లలు ఆకలికి నకనకలాడుతున్నారు, మొదలుపెట్టేయమంటారా అని అడిగింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, తను వచ్చేదాకా ఆగమన్నాడు. గంటన్నర తర్వాత లోపలికి అడుగుపెడితే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆయనకు నచ్చాయి.

ఇంటికొచ్చాక వసుమతి అంది.

“పిల్లలు ఏడుస్తుంటే చప్పట్లు ఎలా వినబడ్డాయండీ మీకు?”

1988 ఫిబ్రవరిలో, రెండు నెలల జబ్బుతో వసుమతి పోయింది. పదేళ్ళపాటు ప్రతి పండక్కీ అందరికీ పులిహోర కలిపిన చెయ్యి ఆవిడది. సంఘం వాళ్ళు అదే హాల్లో సంతాప సభ పెట్టారు. ఆదివారం రెండింటికి మొదలు, నాలుగింటికల్లా హాలు ఖాళీ చేసి ఇవ్వాలి. రెండున్నరైంది, మూడైంది. భీమశంకర్ ముందు వరసలో, దండ వేసిన ఫోటోకి ఎదురుగా కూర్చునే ఉన్నాడు. చివరికి సెక్రటరీ ఉషని పిలిచి ఎందుకాగారని అడిగాడు.

“శ్రీధర్‌గారు ఎయిర్‌పోర్ట్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తున్నారు అంకుల్. ప్రెసిడెంట్ లేకుండా మనం ఎప్పుడూ స్టార్ట్ చేయలేదు కదా. మీ టైమ్ నుంచీ వస్తున్న ట్రెడిషనే.”

ఉష మర్యాదగానే చెప్పింది. కుర్చీలు సర్దడం నేర్చుకున్నవాళ్ళు ఇదీ నేర్చుకున్నారు. ఇందులో ఏది మంచి, ఏది చెడు అని ఎవరూ ఏరలేదు. పదేళ్ళుగా ఏ పండక్కి పిల్లలు ఆకలితో మాడినా అది తన పుణ్యమే.

మూడుంబావుకి లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు.

“మొదటి ఉగాదికి నేను లేటుగా వచ్చాను, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మొదలుపెడదామని మా ఆవిడ అంది. ఆపింది నేనే. టైరు వల్ల కాదు, మీరంతా నాకోసం ఎదురుచూస్తుంటే బాగుంటుందని ఆపాను. తప్పు చేశాను. ఇవాళ ఆవిడ సభ ఆవిడకే దక్కకుండా పోతోంది. ఇంకెవరి కోసమూ ఆగకండి.”

ఆవిడతో కలిసి వంటలు చేసిన బాలమణి వచ్చి దీపం వెలిగించింది. మూడూ నలభైకి హడావిడిగా వచ్చిన శ్రీధర్, స్టేజి వైపు చూసి, చప్పుడు చేయకుండా వెనక వరసలో కూర్చున్నాడు. ఉన్న కాస్త టైములో ఆరుగురు మాట్లాడారు. మిగతావాళ్ళు చెప్పాలనుకున్నది చెప్పకుండానే ఇళ్ళకు వెళ్ళారు. కుర్చీలు సర్దుతూ భీమశంకర్ వాళ్ళ మొహాల వైపు చూడలేకపోయాడు.

మరుసటి ఉగాదికి ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచారు. కార్యక్రమం పదింటికి. పావు తక్కువ పదికే వచ్చి, పార్కింగ్ లాట్‌లో కారులోనే కూర్చున్నాడు. పదీ పది దాటాక దిగి, తన కోసం ఆగి ఉంటారేమోనని భయపడుతూ హాలు తలుపు దాకా వెళ్ళాడు. లోపల నిండా నలభై మంది లేరు. ప్రార్థన గీతం సగం అయిపోయింది.

తన కోసం ఎవరూ ఆగలేదు. ఈ మాట ముందుగా ఎవరికి చెప్పాలో ఆ మనిషి ఇంట్లో లేదని గుర్తొచ్చి, తలుపు పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాడు.