చింటూను ఉడకబెట్టొద్దు!

ఉపన్యాసం చెడిపోతే ఏమవుతాదో అందరికీ తెలుసు. జనం ఆవలిస్తారు, మైకు కుయ్యోమంటాది, మనం గ్లాసుడు నీళ్ళు తాగి కిందికి దిగుతాం. కానీ ఉపన్యాసం బాగా పోతే, మరీ బాగా పోతే ఎంత ముప్పొస్తాదో తెలిసినోడు కర్ణాటకలోని మా చిక్కబళ్ళాపురం జిల్లాలో నేనొక్కడినే. సొంత అక్క పంటను నా నోటి బలంతో నట్టేట ముంచబోయిన కథ ఇది. నవ్వుకోండి, పరవాలేదు. ఆ పొద్దు మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

అప్పటికి నాకు పెండ్లీ కాలేదు, బుద్ధీ రాలేదు. చింతామణిలో మా నాయనకు కిరాణా అంగడి. అక్కడ కూర్చునేది ఇష్టంలేక నేను బెంగళూరు పోయి, స్కూలు పిల్లలకు మంచి నడవడి గురించి ప్రసంగాలు ఎట్ల చెయ్యల్లో నేర్చుకోనొచ్చినాను. నీలం రంగు కోటొకటి కుట్టించినాను. యాడ ఆగల్ల, యాడ చెయ్యి ఊపల్ల, యాడ గొంతు వణికించల్ల, అన్నీ అద్దం ముందర సాధన చేసినాను.

"నువ్వు అమ్మేదేందిరా?" అన్నాడు నాయన, కందిపప్పు తూకమేస్తా.

"స్ఫూర్తి, నాయనా."

"కిలో లెక్కనా, లీటరు లెక్కనా?"

ఇట్లాంటి ఇంట్లోంచి వచ్చినోడిని, నా కసి ఎట్లుంటాదో మీరే ఆలోచించండి. మొదటి పెద్ద అవకాశం మా అక్క ఊర్లోనే దొరికింది. అక్క సుజాతమ్మను సాదలి పక్క పల్లెలో ఇచ్చినాం. ఆ ఊర్లో పట్టుపురుగులు మేపని ఇల్లు లేదు. ఊరి స్కూల్లో పొద్దున ప్రేయర్ అయినాక పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని హెడ్ మాస్టరు పిలిచినాడు. పిలిపించింది అక్కే అనుకోండి, అది వేరే సంగతి.

నా దగ్గర ఉండే సరుకు ఒకటే కథ. చింటూ అనే గొంగళిపురుగు గూడు కట్టుకోని, చీకట్లో ఓర్చుకోని, కడాకు సీతాకోకచిలుకై ఎగిరిపోతాది. బెంగళూరు అపార్ట్‌మెంట్ పిల్లలు దీనికి లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. అయితే ట్రైనింగ్‌లో ఒక మాట గట్టిగా చెప్పినారు, కథను ఊరికి తగినట్ల మార్చుకోవల్ల అని. బస్సులో కూర్చోని ఆలోచించినాను. పట్టు మేపే ఊరు గదా! గొంగళిపురుగును తీసేసి చింటూను పట్టుపురుగు చేసేసినాను. నా తెలివికి నేనే మురిసిపోయి, పక్క సీటాయనకు వేరుశనక్కాయలు కొనిచ్చినాను.

గూళ్ళను ఏం చేస్తారో నీకు తెలీదా అని అడుగుతారేమో. తెలీకేమి! శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్‌కి చిన్నప్పట్నుంచీ పోయినోణ్ణి. గూడును లోపలి పురుగుతో సహా మరిగే నీళ్ళలో వేస్తేనే దారం వస్తాదని మా పక్క పాలుతాగే బిడ్డకు కూడా తెలుసు. కానీ కోటేసుకున్న మనిషికి కొన్ని సంగతులు జ్ఞాపకం రావు.

ప్రేయర్‌లో కన్నడలో మొదలుపెట్టి, మెల్లగా మన తెలుగులోకి దిగినాను. చింటూను అందరూ ఎగతాళి చేసినారన్నాను. "ఆకు తినేది తప్ప నీకేమొస్తాది?" అన్నారన్నాను. గూట్లో చీకట్లో ఒంటరిగా వాడు "అమ్మా, నేను ఎగరగలనా?" అన్నాడని చెప్తా, సాధన చేసిన చోట గొంతు వణికించినాను. చిన్న పిల్లలు ముక్కు చీదినారు. హెడ్ మాస్టరు కండ్లద్దాలు తుడుచుకున్నాడు. ముందు వరసలో మా అక్క కూతురు భవ్య, ఆరో తరగతి, రెప్ప కొట్టకుండా నన్నే చూస్తాంది. ఆ చూపు చూసైనా నేను ఆగల్సింది. ఆగితే నేనెందుకైతాను?

అందరిచేతా గుండె మీద చెయ్యి పెట్టించి ప్రతిజ్ఞ చేయించినాను. "ఎగరాలనుకునే ఎవరికీ నేను అడ్డం రాను! ఎవరు అడ్డం వచ్చినా ఒప్పుకోను! ఇచ్చిన మాట తప్పను!" పిల్లలు అరిచిన అరుపుకు స్కూలు మీది కాకులన్నీ లేచిపోయినాయి.

మధ్యాన్నం అక్క ఇంట్లో రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో చేసిన బస్సారు. నేను తింటా ఉంటే అక్క సంబరంగా విసనకర్రతో విసిరింది. షెడ్డులో ఆడోళ్ళు చంద్రికల్లోంచి, అదే పురుగులు గూడు కట్టే వెదురు తట్టల్లోంచి, గూళ్ళు తెంపుతాండారు. తెల్లగా, గట్టిగా, చూస్తే కడుపు నిండేట్లు ఉండాయి. అంతకు ముందు రెండు పంటలు రోగమొచ్చి కుప్పలు కుప్పలు పారబోసినారు. ఇది కూడా పోతే మల్బరీ తోట పీకేసి, బెంగళూరులో సెక్యూరిటీ పనికి పోతానని మా బావ వెంకటరవణప్ప చెప్పేసినాడు. అందుకే అక్క ఆ గూళ్ళను బిడ్డను తడిమినట్ల తడుముతాంది. పొద్దున తెల్లారేటప్పటికి లగేజ్ ఆటో వస్తాది, గూళ్ళు శిడ్లఘట్టకు పోతాయి.

సాయంత్రం స్కూలు వదిలినాక భవ్య వచ్చింది. వెనకాల ఊర్లో పిల్లలంతా ఉండారు.

"మామా, చింటూ యాడుండాడు?"

నేను కాలు మీద కాలేసుకోని, చెయ్యి గూళ్ళ మూటలవైపు ఊపి, "యాడో ఏమిటికమ్మా, అన్ని గూళ్ళలోనూ చింటూనే ఉండాడు!" అన్నాను. చూసినారా, బావిలో పడింది చాలదని ఇంగా లోతుకు తవ్వుకున్నాను.

"అన్నిట్లోనా?" అని, భవ్య పోయి మూట మీద కూర్చునింది. "అట్లయితే ఇవి మార్కెట్‌కి పోవు. అక్కడ కొన్నోళ్ళు చింటూను ఉడకబెడతారు."

"చింటూను ఉడకబెట్టొద్దు!" అని పిల్లలంతా ఒకటే గోల.

అంతలో పక్కింటి ఆమె పరిగెత్తుకోనొచ్చింది. "అమ్మా సుజాతమ్మా, మా వాడు షెడ్డుకు బీగమేసి బీగం చెవి యాడో దాచినాడు! అడిగితే, చింటూకు వాళ్ళమ్మ ఉండాది, నీకు జాలి లేదా అంటాడు! ఎవరమ్మా ఆ కోటు సారు?"

అక్క నావైపు చూసింది. నేను కోటు విప్పి గోడమీద వేసినాను.

"రేయ్ ప్రసాదా," అనింది అక్క, మెల్లగా. అరిచినా బాగుండు. "ఇంగ నాలుగు రోజులు పెట్టుకుంటే రెక్కల పురుగులు గూటికి చిల్లి పెట్టుకోని బయటికొస్తాయి. చిల్లి పడిన గూడును ఎవరూ ముట్టరు. నువ్వు పెట్టిన తగువు, నువ్వే తీర్చు."

తీరుస్తాను, అదేమంత పని అనుకున్నాను. "భవ్యా, అది ఊరికే కథమ్మా," అన్నాను.

"అబద్ధమా? అబద్ధం చెప్పేదానికి కోటేసుకోని వచ్చినావా?"

"అబద్ధం కాదు, పోలిక..."

"మాట తప్పనని గుండె మీద చెయ్యి పెట్టించినావా లేదా?"

"పెట్టిస్తి."

"నీ చెయ్యి కూడా పెట్టుకుంటివా లేదా?"

"పెట్టుకుంటి."

మా బావ కేకలేసినాడు, భవ్య వాళ్ళవ్వ బతిమలాడింది. అన్నం వద్దని మూట మీదే పడుకునింది పిల్ల. అంత గట్టిగా నా మాట పట్టుకున్న మనిషి నా జన్మలో లేదు. చెప్తే సిగ్గు, లోపల లోపల నాకు కొంచెం గర్వంగా కూడా ఉన్నింది.

తెల్లారేటప్పటికి ఆటో వచ్చింది. ఆటో ముందర పిల్లలు చేతులు పట్టుకోని వరసగా నిలబడినారు. ఊరంతా గుమిగూడింది. అక్క కొంగు నోట్లో పెట్టుకోని మూటలవైపే చూస్తాంది. ఆ ముఖం చూసినాక ఇంగ నేను ఆగలేదు. నేను పోయి భవ్య ముందర నేల మీద కూర్చున్నాను.

"భవ్యా, ఒక ఒప్పందం. ఒక చేటెడు గూళ్ళు స్కూలుకు ఇస్తాం. అవి ఉడికేది లేదు. మీ కండ్ల ముందరే చింటూ బయటికొచ్చి ఎగరల్ల. మిగిలినవి పోనీ. మీ అమ్మ రాత్రి పగలు లేచి ఆకేసింది, నువ్వు చూసినావు గదా?"

భవ్య వాళ్ళమ్మవైపు చూసింది. "ఎగరకపోతే?"

"బామ్మర్దీ, ఒక్క మాట..." అన్నాడు బావ.

"నువ్వుండు బావా!" అని ఊరందరి ముందరా లేచి నిలబడినాను. "చింటూ ఎగరకపోతే జన్మలో మైకు ముట్టను! నువ్వేం చెప్తే అది చేస్తాను!"

"రేయ్, నా మాట విను, ఆ పురుగు..."

"ఉండు బావా అంటే!"

బావ తల కొట్టుకోని పక్కకు పోయినాడు. భవ్య మూట దిగింది. పిల్లలు పక్కకు జరిగినారు. ఆటో కదిలింది. పక్కింటోళ్ళ బీగం చెవి కూడా రాగుల డబ్బాలోంచి బయటికొచ్చింది. ఆ పొద్దు శిడ్లఘట్టలో మా అక్క గూళ్ళకే అందరికంటే మంచి ధర పలికింది. బావ ఫోన్ చేసి చెప్తే అక్క వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. నేను కోటు మళ్ళా తొడుక్కున్నాను.

వారం తిరక్కముందే హెడ్ మాస్టరు ఫోన్ చేసినాడు. "సార్, గూళ్ళు కదులుతాండాయి, రండి!" మొదటి బస్సుకే పోయినాను. ప్రేయర్‌లో టేబులు మీద చేట, చుట్టూ స్కూలంతా, వెనకాల తల్లిదండ్రులు. గూటికి చిల్లి పెట్టుకోని ఒక్కొక్కటే బయటికొస్తాండాయి. తెల్లగా, లావుగా, తడి రెక్కలతో. బాగా ఆరినాక ఒకదాన్ని అరచేతిలోకి తీసుకోని, మైకులో గొంతు వణికించి, "ఎగురు చింటూ!" అన్నాను.

చింటూ రెక్కలు టపటప కొట్టుకున్నాడు. స్కూలంతా ఊపిరి బిగబట్టింది. చింటూ అరచేతిలోంచి నా మణికట్టు మీదికి నడుచుకోనొచ్చినాడు. మెత్తగా పైకెగరేసినాను, టప్‌మని హాజరు పట్టీ మీద పడినాడు. మళ్ళా తీసుకుంటే నా కోటు మీదికి ఎక్కి, గుండె దగ్గర, సరిగ్గా ప్రతిజ్ఞకు చెయ్యి పెట్టుకునే చోట, గోధుమరంగు నీళ్ళు వదిలినాడు.

"నాయనా, ఇది ఎగరదా?" అని భవ్య వెనక్కి తిరిగి అడిగింది.

"ఎగరదమ్మా," అన్నాడు బావ. "తాతల కాలం నుంచీ మేత నోటికే అందిస్తాండాము, దానికి ఎగిరే పనే లేకపోయింది. ఆ పొద్దే చెప్దామంటే మీ మామ నోరు తెరవనిచ్చినాడా?"

ఆ స్కూల్లో అంత నవ్వు ముందెప్పుడూ విన్లేదని హెడ్ మాస్టరే చెప్పినాడు. నేను మర్యాదగా మైకు టేబులు మీద పెట్టేసినాను. భవ్య వచ్చి దాన్ని తీసి మళ్ళా నా చేతికే ఇచ్చింది.

"మైకు వద్దనేది లేదు మామా. నేనేం చెప్తే అది చేస్తానన్నావు గదా? మా షెడ్డులో ఒక పంట మేపు. అప్పుడు వచ్చి మాట్లాడు."

మేపినాను స్వామీ. ఆకు కోసినాను, మోసినాను, పురుగులు తిని వదిలిన పిప్పి ఎత్తినాను. కడా రోజుల్లో పురుగులు ఆకు తింటా ఉంటే షెడ్డులో వాన పడినట్ల చప్పుడు. నిద్ర లేక నేను నిలబడే తూగితే, భవ్య వచ్చి "చీకట్లో ఓర్చుకోవల్ల మామా" అని నా డైలాగే నాకు చెప్పేది. ఆ పంట కూడా బ్రహ్మాండంగా వచ్చింది. బావ బెంగళూరు మాట మళ్ళా ఎత్తలేదు. తోట ఈ పొద్దుకూ పచ్చగా ఉండాది. ఆ తర్వాత అదే స్కూల్లో నేను చేసిన ప్రసంగం చింటూ గురించి కాదు, ఇచ్చిన మాటకు ఆటో ముందర నిలబడిన పిల్లల గురించి. దాంతోనే నాకు బాగేపల్లి నుంచి చింతామణి దాకా స్కూళ్ళన్నీ తలుపులు తెరిచినాయి. మా నాయన కూడా ఒకసారి వెనక బెంచీలో కూర్చోని విన్నాడు. "తూకం సరిగ్గానే ఉండాదిరా," అన్నాడు.

కాబట్టి మహాజనులారా, నీలం కోటు మీద ఎంత ఉతికినా పోని ఆ మరక సాక్షిగా ప్రమాణం చేస్తాండాను. ఊరు దేంతో బతుకుతాండాదో అడగకుండా, ఆ ఊరి ప్రేయర్‌లో నోరు తెరవను. ముఖ్యంగా, బావ "ఒక్క మాట" అంటే ఆ మాట విననిదే ముందుకు కదలను.

పోయిన వారం కోళ్ళఫారాలుండే సోమేనహళ్ళి స్కూలు కోసం కోడిపిల్ల మీద కొత్త కథ రాసుకున్నాను. భవ్య ఇప్పుడు కాలేజీలో చదువుతాంది. నా కథలన్నీ ముందు ఆమె చూసి సరేననల్ల. ఫోన్‌లో చదివి వినిపించినాను. కడాదాకా విని, ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"దీంట్లో ఎవర్నైనా ఉడకబెడతారా మామా?"

చించేసినాను.