తాడు పట్టినవాళ్లకి కూర

పెళ్లయిన దగ్గర్నుంచి మా ఆయన్ని నేను ఎక్కువగా ఫోన్లోనే చూశాను. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న చిన్న పల్లె మాది. మా మగవాళ్లు వేసవిలో ఇళ్లకు వస్తారు, వానలు పడ్డాక పలాసలో రైలెక్కి గుజరాత్ బోట్ల మీద వేటకు పోతారు. బోటు లోపలికి వెళ్లిపోతే ఆ ఫోనూ పలకదు. అలాంటి రోజుల్లో నాకు పొద్దున్న లేచేసరికే కోపంగా ఉండేది. ఎవరి మీదో తెలియక గిన్నెల మీద చూపించేదాన్ని. మా ఇంట్లో సొట్ట పడని గిన్నె లేదు.

ఆయన నాకు మేనత్త కొడుకు. బావా అని పిలుస్తూ పెరిగాను, పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. బోట్లకు మనుషుల్ని కుదిర్చి తీసుకెళ్లేదేమో మా మావ, మా అమ్మకు తమ్ముడు. కాబట్టి ఎవర్ని తిట్టినా మా ఇంటి మనిషినే తిట్టినట్టు.

ఒక వేసవిలో తెగించి చెప్పేశాను, ఈసారి నువ్వు వెళ్లడానికి వీల్లేదని. పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో చిన్న కొట్టు పెడదామని, ఎండు నెత్తళ్లని జీడిపప్పు ముక్కలతో కలిపి కరకరలాడేలా వేయించి పొట్లాలు కట్టి అమ్ముదామని చెప్పాను. వేలెడంత ఉండే ఆ చేపలు మా ఇసకలోనే ఎండుతాయి. విరిగిన జీడిపప్పు పలాసలో ఏ వీధిలోనైనా దొరుకుతుంది. నా చేతి వేపుడు ఒకసారి తిన్నవాళ్లు మళ్లీ అడుగుతారు. గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాటే. బావ కాలి వేలితో ఇసకలో గీతలు గీస్తూ అన్నాడు.

"మనోళ్లు రైలెక్కే రోజుకి కొట్టు నిలబడితే ఉండిపోతాను. నిలబడకపోతే నన్ను ఆపకూడదు. సరేనేటి?"

సరేనన్నాను. కాశీబుగ్గలో ఒక షట్టరు కొట్టు, వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాం. బావ ముందుగా చేసిన పని, ఏటా గుజరాత్ తీసుకెళ్లే నీలం సంచీని కొట్టు వెనక గోడకు మేకు కొట్టి తగిలించడం. ఖాళీ సంచీయే, ఉంటే ఏమైందని అడిగాడు. అటువైపు వెళ్లినప్పుడల్లా నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే టెక్కలిలో ఆడవాళ్ల సంఘాలకు చిన్న వ్యాపారాల మీద శిక్షణ పెట్టారు. పెద్దగా ఖర్చు లేకుండా చుట్టుపక్కల జనానికి మన సరుకు ఎలా తెలియజెయ్యాలో ఒక మేడమ్ చెప్పింది. బోర్డు దూరం నుంచే కనబడాలి, పేపర్లో కరపత్రం పెట్టించాలి, ఫోన్లో స్టేటస్ పెట్టాలి, మైకు కట్టిన ఆటో తిప్పాలి. అన్నీ మంచి మాటలే. నాతో పాటు వచ్చిన వాళ్లలో కొందరికి బాగా పనికొచ్చాయి కూడా. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో వేషం వేసింది.

ముందు ఫ్లెక్సీ. నేను వేపుడు ఫోటో తీసి పంపితే, అందులో ఏమీ తెలియడం లేదని ఫ్లెక్సీ షాపతను తనే ఎక్కడినుంచో ఒక చేప బొమ్మ తెచ్చి పెట్టాడు. నారింజ రంగులో, నిగనిగలాడుతూ, కొట్టు వెడల్పంత చేప. నిచ్చెన మీద నుంచి కడుతున్న బావ మధ్యలో ఆగిపోయాడు. ఈ సముద్రమూ ఆ సముద్రమూ రెండూ చూశాను గానీ దీన్ని మాత్రం ఎక్కడా చూడలేదన్నాడు. మొదట్లో వచ్చినవాళ్లందరూ ఆ చేపే కావాలన్నారు. లేదంటే, మరి బొమ్మ ఎందుకు పెట్టారని నన్ను నిలదీశారు.

తర్వాత కరపత్రాలు. పేపర్లు వేసే అతన్ని బతిమాలి ఇంటింటికీ పెట్టించాం. మర్నాడు సాయంత్రం ఎదురు బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొంటే, మా కరపత్రంలోనే చుట్టి ఇచ్చాడు. నూనె మరకలోంచి మా కొట్టు పేరు కనబడుతోంది. మన పేరు అందరి చేతుల్లోకీ వెళ్లిపోయిందని బావ ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది. బజ్జీ మాత్రం తిన్నాను.

ఫోన్లో స్టేటస్ పెడితే మా చుట్టాలందరూ చూశారు. బొటనవేలు బొమ్మలు పంపించారు. ఒక్కరైనా పొట్లం కొనలేదు. చుట్టం కొట్టులో డబ్బులిచ్చి కొంటే నేను ఏమనుకుంటానో అని మొహమాటపడ్డారట.

ఇక మైకు ఆటో సంగతి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. ప్రయాణాలకు వెళ్లేవాళ్లు కొంటారని ఆటోను మా పల్లెలవైపే పంపించాను. గొంతు బావది. పక్క బోటుకు వినబడేలా అరవడం అలవాటైన మనిషి, ఫోన్లో రికార్డు చెయ్యమంటే అలాగే అరిచాడు. "అన్నలారా, అక్కలారా, ఒక ముఖ్యమైన మాట" అని మొదలుపెట్టాడు. ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది. మా తీరంలో మైకు ఆటో వచ్చిందంటే ఒకటే అర్థం, తుఫాను వస్తోంది, వేటకు పోవద్దు. ఆ గడబిడలో వెనక మాటలు ఎవరికీ వినబడలేదు. ఆడవాళ్లు ఇసకలో ఆరేసిన చేపలన్నీ తట్టల్లోకి ఎత్తేశారు. ముసలివాళ్లు కూడా చెయ్యేసి తెప్పల్ని సరుగుడు తోపు దాకా లాగేశారు. ఒకావిడ మేకల్ని తోలుకుని తుఫాను షెల్టరుకి బయల్దేరింది. నెత్తళ్ల వేపుడు అన్న మాట చెవిన పడేసరికి ఊరు ఊరంతా చెమటలు కక్కుతూ నిలబడి ఉంది.

మా అమ్మ ఫోన్ చేసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆ వెనకే మావ చేశాడు. ఆయన తిట్టలేదు, నవ్వాడు. నవ్వి నవ్వి, చివర్న బావకు ఫోన్ ఇమ్మని, సీటు ఉంచమంటావా అని అడిగాడు. బావ నా మొహం చూశాడు. తర్వాత చెబుతానన్నాడు. వద్దని అనలేదు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

నేను ఇలా ఒకవైపు నానా తంటాలు పడుతుంటే, బావ ఇంకోవైపు సరుకంతా పంచిపెట్టేస్తున్నాడు.

దీనికి మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. పెద్ద వల సముద్రంలో వేశాక రెండు తాళ్లూ ఒడ్డు నుంచి లాగాలి. అప్పుడు ఆ దారిన పోతున్నవాళ్లు ఎవరైనా వచ్చి తాడు పట్టి కాసేపు లాగితే, వల ఒడ్డుకు చేరాక వాళ్లకూ కూరకి నాలుగు చేపలు పెట్టాలి. చుట్టమా, పరాయివాడా, ఎంతసేపు లాగాడు అని చూడరు. తాడు ముట్టుకుంటే చాలు. మా బావకు ఆ పద్ధతి ఒంట్లో ఇంకిపోయింది. కొట్టు షట్టరు బిగుసుకుపోయి పైకి లేవకపోతే ఒక ఆటో అతను వచ్చి చెయ్యేశాడు. అతనికి కాగితంలో గుప్పెడు వేపుడు. మూట దించిన పక్క కొట్టాయనకి గుప్పెడు. వాన జల్లుకి సరుకు తడుస్తుంటే, జీడి కార్ఖానా నుంచి ఇంటికి పోతున్న ఆడవాళ్లు డబ్బాలు లోపల పెట్టారు. వాళ్లందరికీ గుప్పెడేసి. ఒక ముసలాయన ఫ్లెక్సీ ఒంకరగా ఉందని కర్రతో సరిచేశాడు. ఆయనకీ గుప్పెడే. మర్నాటి నుంచి ఆయన రోజూ వచ్చి తిన్నగా ఉన్న ఫ్లెక్సీని సరిచెయ్యడం మొదలుపెట్టాడు.

ఒకరోజు నేను పట్టలేకపోయాను. కొట్టు పెట్టావా, అన్నదానం పెట్టావా అని అరిచాను. నేను పొయ్యి దగ్గర కళ్లు మండించుకుని వేయించినదంతా ఇలా దోసిళ్లతో ఇచ్చేస్తే కొట్టు ఎలా నిలబడుతుంది, నిలబడకపోతే నువ్వు పోతావు కదా, పోవాలనే ఇలా చేస్తున్నావా అని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నా లోపల ఇన్నాళ్లూ ఉన్న భయం అదేనని నాకు తెలియలేదు.

బావ కోప్పడలేదు. ఆయనకు కోపం రావడం తక్కువ, అదీ నాకు కోపమే. చేతిలో ఉన్న కాగితం ముక్క మడతపెడుతూ మెల్లిగా అన్నాడు.

"తాడు పట్టినోడు ఒట్టి సేతుల్తో ఎల్తే మల్లీ మన వల కేసి సూడడే. సూపించుకుంటే సాలా? జనం వచ్చి సెయ్యి ఎయ్యాలి కదా."

నాకేమీ ఎక్కలేదు. మూతి ముడుచుకుని పొయ్యి దగ్గరికి పోయాను.

కానీ తర్వాత్తర్వాత ఒక తమాషా గమనించాను. మా షట్టరు ఎత్తిన ఆటో అతను, స్టేషన్లో దిగి జీడిపప్పు ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లని ముందు మా కొట్టు దగ్గర ఆపడం మొదలుపెట్టాడు. పలాస వచ్చి జీడిపప్పు ఒక్కటే పట్టుకెళ్తారా, మా సముద్రం సరుకు కూడా రుచి చూడండి అనేవాడట. డబ్బాలు లోపల పెట్టిన ఆడవాళ్లు జీడిగింజల రసానికి నల్లబడ్డ చేతుల్తోనే పొట్లం విప్పి, కార్ఖానాలో అందరికీ తలా కాస్త పెట్టారు. వాళ్ల ఇళ్లకు చుట్టాలొచ్చి వెళ్లేటప్పుడు ఇవ్వడానికి మా పొట్లాలే కొనడానికి వచ్చేవారు. వచ్చినవాళ్లు ఉత్తినే నిలబడేవారు కాదు. ఒకావిడ చీపురు అందుకునేది, ఒకావిడ ఉప్పు ఎక్కువైందని చెప్పేది. అప్పుడప్పుడు కొత్తవాళ్లు వచ్చి ఏముందని అడిగితే, నేను నోరు తెరవకముందే వాళ్లే చెప్పేసేవారు. "మన కొట్టులో" అనేవారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను పొయ్యి వైపు తిరిగిపోయాను.

అయినా కొట్టు నిలబడిందని బావ నోటితో అనలేదు. నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో అని భయం. నీలం సంచీ మేకుకే ఉంది.

మావ మనుషుల్ని తీసుకుని వెళ్లే రోజు వచ్చింది. రైలు సాయంత్రం. మా పల్లెవాళ్లందరూ పెట్టెలూ మూటలూ వేసుకుని స్టేషన్‌కి పోతూ మా కొట్టు ముందు ఆగారు. అదే సమయానికి ఊరి నుంచి ఎండు నెత్తళ్ల బస్తాలు ఆటోలో దిగాయి, దిగడంతోటే వాన కురిసింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వాళ్లందరూ పెట్టెలు పక్కన పడేసి బస్తాలకు చేతులేశారు. జీడి కార్ఖానా ఆడవాళ్లు, ఆటో అతను, ఫ్లెక్సీ సరిచేసే ముసలాయన కూడా వచ్చారు. చూస్తూండగానే సరుకంతా లోపలికి వెళ్లిపోయింది, ఒక్క బస్తా తడవలేదు. మావ కూడా ఒక బస్తా మోశాడు. దించి, నడుం పట్టుకుని, కొట్టులో ఇరుక్కుని నిలబడ్డ జనాన్ని కాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు.

బావ అందరికీ వేపుడు కట్టాలన్నాడు. బోటు మీదకి పనికొస్తుందన్నాడు. ఇన్ని పొట్లాలు దేంట్లో పెట్టాలని అటూ ఇటూ చూసి, మేకు మీద నుంచి నీలం సంచీ దించాడు. దాని నిండా పొట్లాలు సర్ది భుజానికి వేసుకున్నాడు. వీళ్లని రైలెక్కించి వస్తానని చెప్పి వాళ్లతో పాటు వానలోకి నడిచాడు. ఏటా ఎలా వెళ్లేవాడో అలాగే ఉన్నాడు, ఆ సంచీతో, ఆ గుంపుతో. 

ఆ సాయంత్రం ఎవరికి ఏం ఇచ్చానో నాకు గుర్తులేదు. ఒకావిడకు తూకం తప్పు వేస్తే ఆవిడే సరిచేసింది. మా కొట్టులోకి రైలు కూత వినబడుతుంది. వచ్చిన కూత విన్నాను, పోయిన కూత విన్నాను. తర్వాత చాలాసేపు వాన చప్పుడే. వాళ్లతో ఎక్కేసి ఉంటాడని నాకు నేనే చెప్పుకున్నాను. మావ రెక్క పట్టుకుని లాగితే కాదనలేడు, మెత్తటి మనిషి. అప్పటికే సగం ఏడుపు వచ్చేసింది.

బావ తడిసి ముద్దయి వచ్చాడు. ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. నేను ఏమీ అడగకముందే, తల తుడుచుకుంటూ చెప్పాడు.

"మావ నా సీటు ఇంకోడికి ఇచ్చేసినాడే. ఈడు లేకపోతే ఆ కొట్టుకాడ తాడు ఎవులు పడతారు అన్నాడు."

 కొట్టు కట్టేసే వేళయింది. వానకు షట్టరు బిగుసుకుపోయి కిందకి రావడం లేదు. బావ ఒక కొస పట్టుకుని లాగుతుంటే, నేను వెళ్లి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం బరువంతా వేస్తే దిగింది. తాళం వేసేముందు బావ పక్క తలుపులోంచి లోపలికి వెళ్లి, డబ్బా అడుగున మిగిలిన వేపుడు కాగితంలో పోసుకుని తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా సరుకే, నేను వేయించినదే.

"ఏటి ఇది?" అన్నాను.

"తాడు పట్టేవు కదా."

అక్కడే చూరు కింద నిలబడి మొత్తం తినేశాను. ఉప్పు నిజంగానే కాస్త ఎక్కువైంది. తర్వాత గదికి వెళ్లి అన్నం వండి, సొట్టలు పడ్డ కంచాలు రెండు పెట్టాను. వానాకాలంలో మా ఇంట్లో రెండు కంచాలు పెట్టడం అదే మొదలు.