వెనక్కి నడవని తొట్టిజీపు

అచ్చిబాబు జీపు కొనడానికి తుని వెళ్లిన రోజున పంచాంగం చంకలో పెట్టుకుని వెళ్లాడు గానీ, బండి సంగతి తెలిసిన మనిషిని ఒక్కణ్నీ వెంట తీసుకెళ్లలేదు. తీసుకెళితే ఆ వచ్చినవాడికి తనకంటే ఎక్కువ తెలుసని ఊళ్లో అనుకుంటారు గదా, అదీ బాధ.

ఆయనది రావులపాలెం పక్కన కాలవ గట్టు మీది పల్లె. నాలుగెకరాల అరటితోట, ఇస్త్రీ లాల్చీ, దువ్విన మీసం, ఎవరు ఏం చెప్పినా అది ముందే తెలిసినట్టు తలాడించే అలవాటు. ఇదీ ఆయన ఆస్తి. డెబ్భై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో ఆయనకి ఉన్నట్టుండి అడవి మీద ప్రేమ పుట్టింది. పుట్టించినవాడు బావమరిది నాగేశ్వరప్రసాద్. రాజమండ్రిలో ఆఫీసు గుమాస్తా. తోటి గుమాస్తాలతో మారేడుమిల్లి వెళ్లొచ్చి, వాగొడ్డున గుడారం వేశామనీ, మంట చుట్టూ కూర్చుని కోడిని కాల్చుకు తిన్నామనీ అరుగు మీద కూర్చుని గంటసేపు చెప్పాడు. చెప్పినవాడు ఊరుకోకుండా, "మీకెందుకులెండి బావగారూ ఇవన్నీ, దోమతెర కట్టందే నిద్ర పట్టని మనిషి" అని ఒక మాట వదిలాడు.

అంతే. అచ్చిబాబు మీసం లేచింది.

"నేనే జీపు కొంటున్నాను. వెనకాల సామానుకి తొట్టి ఉన్న బండి. రోజూ గెలలు రావులపాలెం చేరుస్తుంది, మనసైనప్పుడు అడవికి క్యాంపు తీసుకెళుతుంది. చూస్తూ ఉండు!"

చూస్తూ ఉండగానే ఎడ్లనీ, వాటి బండినీ అమ్మేశాడు. చాలనిదానికి తోట మీద బయానా పుచ్చుకున్నాడు. ఆ ఎడ్లు భార్య జగదాంబకి పుట్టింటివాళ్లు తోలించినవి. జగదాంబ కేకలు వేసే మనిషి కాదు. తమ్ముడి ఎదుటా, ఇన్నాళ్లూ ఆ బండి తోలిన లాజరు ఎదుటా మొగుణ్ని నిలబెట్టి నెమ్మదిగా అంది.

"అమ్మారు, సరే. ఆ జీపులో ఒక్క లోపం బయటపడినా దాన్ని తెగనమ్మి నా ఎడ్లు నాకు తెచ్చివ్వాలి. ఒప్పుకుంటారా?"

"నేను కొన్న వస్తువులో లోపమా!" అని నవ్వాడు అచ్చిబాబు. "ఒప్పుకున్నాను పో."

తునిలో పాత బండ్లు అమ్మే చంద్రరావు, చంకలోని పంచాంగం చూడగానే వచ్చినవాడి లోతు కొలిచేసుకున్నాడు. జీపు వాకిలి వైపు ముఖం పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలతో సిద్ధంగా ఉంది. అచ్చిబాబు బండిని పరీక్ష చేశాడు. నంబరు అంకెలన్నీ కూడాడు. ఆకుపచ్చ రంగు తన రాశికి పడుతుందో లేదో చూశాడు. హారను రెండుసార్లు కొట్టాడు. టైరుని కాలితో ఒక్క తాపు తన్నాడు. సీటు మీద కూర్చుని మెత్తగా ఉందన్నాడు. అంతా అయ్యాక, పోనీ పాపం అడిగాడు కూడానూ.

"ఏదీ, ఓసారి వెనక్కి తీసి చూపించండి."

చంద్రరావు నాలుక కరుచుకుని రెండు చెంపలూ వాయించుకున్నాడు. "ముహూర్తం వేళ ఎంతమాటండీ! చేతిలోకొచ్చిన బండి మొదటిరోజు ముందుకే నడవాలి. మీకు తెలియందేముందండి, పెద్దవారు!"

"తెలుసు తెలుసు," అన్నాడు అచ్చిబాబు గబగబా. "మీకు తెలుసో లేదో అని అడిగాను."

మర్నాడు పాకలో పెట్టిన జీపుని బయటికి తీద్దామని వెనక గేరు వేస్తే, ఇనప రోకళ్లు ఒకదాంతో ఒకటి కొట్టుకున్న చప్పుడొచ్చింది గానీ బండి అంగుళం కదల్లేదు. రెండోసారి వేశాడు. మూడోసారి వేశాడు. కులదైవాన్ని తలుచుకుని నాలుగోసారి వేశాడు. ఆ గేరుకి పళ్లే లేకపోతే దేవుడు మాత్రం ఏం చేస్తాడు? ఎవరూ చూడకుండా బయటికి నెట్టుకుని, గుట్టుగా రాజమండ్రి తీసుకెళ్లి చూపిస్తే, మేస్త్రీ కిందనించి తల బయటికి పెట్టి, "మొత్తం దింపాలండి. సామాను మద్రాసునుంచి రావాలి. నెలన్నర ఇక్కడే ఉంచెయ్యండి" అన్నాడు. నెలన్నర బండి ఇక్కడుంటే ఇంట్లో ఏం చెప్పాలి? జీపుని మళ్లీ ముందుకే నడుపుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ వారంలోనే పాక వెనక గోడ పడగొట్టించాడు. వాస్తు అన్నాడు. ముందునించి వచ్చిన బండి వెనకనించి పోతే ఇంటికి కలిసొస్తుందన్నాడు. జగదాంబ పేడ తట్ట పట్టుకుని నిలబడి, కూలుతున్న గోడని చూసింది, మొగుణ్ని చూసింది, ఏమీ అనకుండా లోపలికి పోయింది. హమ్మయ్య అనుకున్నాడు అచ్చిబాబు.

గోడంటే ఇంట్లోది, పడగొట్టుకోవచ్చు. కాలవ గట్టుని ఏం చేస్తాడు? ఆ గట్టు మీద ఒక్క బండే పడుతుంది. ఎదురుపడితే ఖాళీ బండి వెనక్కి తగ్గాలి, బరువు బండి ముందుకు పోవాలి. ఇది ఎవరూ రాయని చట్టం. ఒకరోజు గెలలు దింపి ఖాళీగా వస్తున్న అచ్చిబాబుకి, నిండా గెలలతో లాజరు ఎదురొచ్చాడు. ఇప్పుడు కిరాయి బండి తోలుతున్నాడు.

"అయ్యగారూ, కాస్త వెనక్కి తియ్యండి. బరువుతో ఉన్నానండి."

అచ్చిబాబు స్టీరింగు పట్టుకుని ఆకాశం వైపు చూశాడు. "నేను వెనక్కి తీయను."

"అదేంటండీ! ఖాళీ బండి కదండీ?"

"ఎవరి కోసమూ వెనక్కి తీయను. అది నా పద్ధతి."

లాజరు బండి దిగాడు. ఎడ్లు విప్పి, గెలలు సగం దించి, బండిని పక్క చేలోకి తోసుకున్నాడు. ఎండలో ఆ మనిషి వీపు చెమటతో తడిసిపోయింది. పక్కనించి పోతూ అచ్చిబాబు అటు చూడలేకపోయాడు. సాయంత్రానికి ఊరంతా, అచ్చిబాబుకి జీపు కొన్నాక కళ్లు నెత్తికెక్కాయంది. తెలివితక్కువవాడు అనడం కంటే పొగరుబోతు అనడమే నయమనుకుని ఆయన మీసం ఇంకాస్త దువ్వాడు. అంతకంటే చిత్రం, మర్నాటినించి గట్టు మీద జనం ఆయన్ని చూసి తప్పుకుని, దణ్ణాలు కూడా పెట్టారు.

అలా మూడు నెలలు నెగ్గుకొచ్చాడు. కానీ క్యాంపు మాట ఇచ్చాడాయె. ఒక ఆదివారం ప్రసాద్ గుడారం చుట్టుకుని దిగాడు. జగదాంబ బియ్యం, ఎండుచేపలు, చింతపండు సర్దింది. గోకవరం దాటి, మారేడుమిల్లి దాటి, వెదురు లారీలు తిరిగే దారిలోకి జీపు తిప్పాడు అచ్చిబాబు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, దారి జీపంత వెడల్పు. రెండు మైళ్లు పోయేసరికి ఎదురుగా దారికి అడ్డంగా పెద్ద మద్దిచెట్టు పడి ఉంది.

అచ్చిబాబు ఇంజను ఆపాడు. ఒక్క క్షణం గుండె కూడా ఆగింది. తరవాత నిదానంగా దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు.

"ఇదే. సరిగ్గా నేననుకున్న చోటు ఇదే. ఇక్కడే క్యాంపు."

"దారి మధ్యలోనా బావగారూ?"

"పులొస్తే దూరంనించే కనిపిస్తుంది. నీకేం తెలుసు?"

జగదాంబ మూడు రాళ్లు పెట్టి ఎండుచేపల పులుసు కాచింది. అచ్చిబాబు తొట్టి అడుగునించి దోమతెర తీసి గుడారంలో కట్టుకున్నాడు. ప్రసాద్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

తెల్లారింది. గిన్నెలు కడిగారు. గుడారం చుట్టారు. "పదండి, వెనక్కి తియ్యండి" అన్నాడు ప్రసాద్. "ఆ మలుపు దగ్గర దారి వెడల్పుగా ఉంది, అక్కడ తిప్పుకోవచ్చు."

"సోమవారం. ఏడున్నరకి రాహుకాలం వచ్చేస్తోంది" అన్నాడు అచ్చిబాబు.

తొమ్మిదిదాకా ముగ్గురూ చెట్టు మీద కూర్చున్నారు. తొమ్మిదయ్యాక వర్జ్యమన్నాడు. పదిన్నరకి ప్రసాద్ లేచాడు. "నాకు ఆఫీసుంది బావగారూ. మీరు తియ్యకపోతే నేను తీస్తాను" అని ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. వాడి చెయ్యి గేరు మీద పడింది. అచ్చిబాబుకి జీపూ, మీసం, మూడు నెలల పొగరూ అన్నీ కలిసి లోయలోకి జారిపోతున్నట్టుంది. 

"దిగరా ప్రసాదూ," అంది జగదాంబ, కొంగు నడుముకి చుట్టుకుంటూ. "దానికి వెనక గేరు లేదు. మీరిద్దరూ ముందునించి తొయ్యండి, నేను స్టీరింగు పట్టుకుంటాను."

అచ్చిబాబు ఆమె వంక గుడ్లప్పగించి చూశాడు. "నీకెలా తెలుసు?"

"నాలుగో రోజు పొద్దున్నే మీరు పంచె ఎగ్గట్టి, బంపరుకి వీపు ఆనించి, బండిని వెనక్కి నెడుతూ రొప్పుతుంటే చూశాను."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదే?"

"అడిగితే ఊరికి తెలియదూ? పళ్లు చూడకుండా బండి కొన్న మనిషి పెళ్లాన్నని నేనే డప్పు కొట్టుకోనా? ఇక్కడున్నది నా తమ్ముడొక్కడే. వాడు నోరు విప్పితే వాడి సంగతి నేను చూసుకుంటాను."

ప్రసాద్ చప్పున నోరు మూసుకున్నాడు. ఎడ్లబండిని తోట గట్ల మీద వెనక్కి నడిపించిన చెయ్యి జగదాంబది. మెడ తిప్పి వెనక్కి చూస్తూ మలుపుదాకా జీపుని తిన్నగా నడిపించింది. మగవాళ్లిద్దరూ నాలుకలు బయటపెట్టి తోశారు.

తిరుగుదారిలో రంపచోడవరం దాటారు.

"అయితే జీపు అమ్మెయ్యాలిగా?" అన్నాడు అచ్చిబాబు, దారి మీంచి చూపు తిప్పకుండా.

"ఎవరికమ్ముతారు? కొనేవాడు వెనక్కి తీసి చూపించమంటాడు. అందరూ మీలాగ పంచాంగం పట్టుకుని రారు. బండి ఉంటుంది. నా ఎడ్లూ వస్తాయి. పాక గోడ లేస్తుంది. లాజరు మళ్లీ మనింటికొస్తాడు. ఆ మాట మీరే వెళ్లి అడగాలి, నేను కాదు."

అడిగాడు. గట్టు మీద నిలబడి, ఇస్త్రీ లాల్చీతో, లాజరుని అడిగాడు. లాజరు అంతా విని, "ఆయ్, దానికేముందండి" అని తల వంచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికి.

తరవాతి పంట గెలల డబ్బంతా ఎడ్లకే పోయింది. గోడ లేచింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే లాజరు ఆ ఎడ్లని జీపు వెనకాల కట్టి, "హేయ్" అని అదిలిస్తాడు. అవి బరువు లెక్కచెయ్యకుండా జీపుని పాకలోంచి వెనక్కి లాక్కొస్తాయి. ముందు సీట్లో జగదాంబ అప్పటికే సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది, రావులపాలెం బజారుకి వెళ్లడానికి. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తే, అచ్చిబాబు మీసం దువ్వుకుంటూ చెబుతాడు.

"పొద్దున్నే ఇంజను మీద భారం పడకూడదండి. ఇలా తీయించడమే పద్ధతి."