ఓటుకు పెట్టిన పీతల పులుసు

కాకినాడ నుంచి గచ్చిబౌలికి నేను మోసుకెళ్లిన నీలి పీతలు మా చెల్లెలి వంటింట్లో ఉడికి ఎర్రబడ్డాయి. అది చూసి ఎదురు ఫ్లాటు సాఫ్ట్‌వేర్ మేనేజర్ మహేందర్ గుండెలు బాదుకున్నాడు.

"రంగేసిన్రు అక్కా! వేడి తగలంగనే నీలం మొత్తం పోయింది. పారెయ్యుండ్రి."

"పూసిన రంగు కాదు నాయనా. పెంకులో ఉన్న ఎర్ర పదార్థాన్ని ఒక ప్రొటీన్ పట్టుకుని నీలంగా కనబడేలా చేస్తుంది. వేడికి ఆ పట్టు వదిలేస్తుంది."

"గట్లయితే సముద్రం మసిలితే ఎర్రగైతదా?"

"సముద్రంలో ఎవరూ రంగు కలపలేదయ్యా. లోతు నీళ్లు వెలుగులోని ఎరుపును మింగేస్తాయి, మిగిలిన నీలమే మన కంటికి చేరుతుంది."

ఆయనకి నా మాట చెవికెక్కలేదు. ఆ అపార్ట్‌మెంటులో లిఫ్టు మరమ్మతు నుంచి వినాయకుడి ఎత్తు దాకా అన్నిటికీ వాట్సాప్ గ్రూపులో ఓటింగే. పీతల ఫొటో పెట్టి, "కల్తీయా, కాదా?" అని అడిగేసి తన ఫ్లాటుకి వెళ్లాడు. బతికున్న పీత మొహం చూడనివాళ్లంతా తీర్పు చెప్పారు. చెల్లెలు బెదిరిపోయి గిన్నెను చెత్తబుట్ట వైపు తీసుకెళ్తుంటే లాక్కుని మా ఇద్దరికీ వడ్డించాను.

"కల్తీయే గెలిచింది అక్కా," అంటూ తిరిగొచ్చిన మహేందర్ వాసనకి గుమ్మంలోనే ఆగిపోయాడు. "జర పులుసేమన్న మిగిలిందా?"

మెజారిటీని గౌరవించి, మేం తిని వదిలిన ఎర్రటి పెంకులు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.