నీళ్ల తొట్టికి కొత్త మూత

దీవిలో, సముద్రం దగ్గరి షాదీపూర్‌లో మా ఇంటి వెనక నేలలో కట్టిన నీళ్ల తొట్టి ఉండేది. కుళాయి వచ్చిన రోజున నింపుకుని, మళ్లీ వచ్చేదాకా తోడుకునేవాళ్లం. దాని మూత బరువైన సిమెంటు పలక. ఉప్పుగాలికి లోపలి చువ్వలు తుప్పుపట్టి, పెచ్చులు ఊడి నీళ్లలో పడేవి.

మా ఆయన చేపల పడవెక్కితే చాలా రోజులు వచ్చేవాడు కాదు. ఇంట్లో అత్తా నేనూ మాత్రమే. మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పాక అత్త నన్ను ఆ మూత ముట్టుకోనివ్వలేదు. "ముందరోటి పోయింది సాలదేటి? పక్కకి జరుగు" అని గసిరి, తానే గునపం పెట్టి లేపేది.

ఒక పొద్దున గునపం జారింది. మూత ఆమె కుడిచేతి మీద పడి రెండు వేళ్లు నలిగాయి. కట్టు కట్టించుకుని వచ్చి, ఎడమచేత్తో చేపలు తోమడానికి కూర్చుంది. నేను ఆ పూటే పక్కింటికి వెళ్లాను.

పక్కింట్లో రాంచీ నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఉండేవాడు. తేలికైన మూత కావాలన్నాను.

"కంకర్ మత్ డాలో దీదీ, థర్మకోల్ డాలో. లేకిన్ టూట్ జాయేగా" అన్నాడు.

కంకర బదులు థర్మకోల్ వేస్తే తేలికవుతుంది, కానీ విరుగుతుందట. మా పుట్టింట్లో మట్టిగోడకి గడ్డి కలపడం గుర్తొచ్చింది. అయితే కొబ్బరి పీచు కలుపుతానన్నాను.

పగిలిన చేపల పెట్టెల థర్మకోల్ దగ్గర్లోని హాడో రేవు ఒడ్డున ఎంతైనా దొరికేది. ఏరుకొచ్చి, కడిగి, చిన్నచిన్న ముక్కలుగా చిదిపాను. పీచు మాత్రం కాయ నుంచి ఒలిచింది ఒలిచినట్టే సిమెంటులో కలిపి మూత పోశాను. ఆ మూత ఎన్నాళ్లకీ గట్టిపడలేదు, ఎత్తబోతే అట్టులా చిరిగింది. పీచులోని ఎర్రనీరు సిమెంటును పట్టనివ్వలేదన్నాడు మేస్త్రీ.

సిమెంటు పాడుచేశానని అత్త తిడుతుందనుకున్నాను. ఆమె పీట వేసుకుని కూర్చుంది.

"పీసు ఇటు తే పిల్లా. ఎర్రనీరు పోయీదాకా నానేసి ఉతుకుదుము. జల్దీ ఏటి నీకు?"

బాగున్న చేత్తోనే పిండింది. నేను పీచును పొట్టిగా కత్తిరించాను. చెక్క చట్రంలో సిమెంటు ముద్ద పోసి, మధ్యలో చిరిగిన వల ముక్క పరిచి, పైన తడిగోనె కప్పాం. ఈసారి గట్టిపడింది.

అత్త ఎడమచేత్తో లేపి చూసింది. "అరే, అప్పడంనాగుందే!"

"నన్నోసారి లేపనీ అత్తా."

అత్త మూత కిందికి దించింది. "సరే. వొంగకు, కూకుని లేపు."

ఆ వానాకాలంలో మాకు పాప పుట్టింది. చూడవచ్చిన ఆడవాళ్లు మూతనూ లేపి చూసేవాళ్లు. నన్ను మొహం మీద ఎన్నడూ మెచ్చుకోని అత్త వాళ్లతో, "మా కోడలు సేసినాది. నానేటి, పీసు ఉతికినానంతే" అనేది. పాప కూర్చోవడం నేర్చేనాటికి, అడిగిన ఇళ్లవాళ్లకి మేమిద్దరం కలిసి అలాంటి మూతలు పోసిపెట్టాం.