ఖాళీగా వదిలిన గడి

ఒక ఇంటి కాగితంలో ఒక గడి ఖాళీగా వదిలేశాను. నేను చేసింది అంతే. ఆ బరువు మాత్రం ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. నా పేరు అడక్కండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు. నూజివీడు వైపు మామిడితోటల ఊరొకదానిలో పంచాయతీ బోర్డు గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఇల్లు అమ్మాలంటే బోర్డు సర్టిఫికెట్ కావాలి. ఫీజు రూపాయిన్నర. పన్ను బాకీ లేదని ఒక గడిలో, ఇంట్లో ఎవరు కాపురం ఉంటున్నారో ఇంకో గడిలో రాసివ్వాలి. ఆ రెండో గడిలో పేరుంటే, కొనేవాడు ఆ మనిషిని పెద్దల ముందు పిలిచి, వేరే చోటు చూపించాకే ఇంట్లో అడుగుపెట్టాలి. చట్టం ఏమనేదో నాకు తెలియదు. మా వైపు ఆనవాయితీ అది.

నాగమ్మ తోట కూలీ. ఆమె భర్త బతికున్నన్నాళ్లూ తోటకు కాపలా ఉన్నాడు. జీతానికి బదులు తోట ఆసామి ఒక పెంకుటిల్లు ఇచ్చి ఉండమన్నాడు. అంతా నోటిమాటే. భర్త పోయాడు, ఆసామీ పోయాడు. ఆసామి కొడుకు ఆ ఇంటిని ఒక మామిడి వ్యాపారికి బేరం పెట్టాడు. ఫీజు కట్టడానికి మాత్రం నాగమ్మే వచ్చింది, కాయలు కోసిన కూలి కొంగున ముడివేసుకుని.

"నువ్వెందుకు కడుతున్నావు? అమ్మేవాళ్లు కదా కట్టాలి" అన్నాను.

"ఆళ్లు కడితే నా పేరు రాయనిస్తారాండీ? అందుకే నేనే వచ్చేశా బాబుగారూ."

ఆమె ఎదురుగానే రాయడం మొదలుపెట్టాను. రెండో గడి దగ్గర కలం ఆగింది. ఎందుకు ఆగింది? లంచం తీసుకోలేదు. తీసుకుని ఉంటే చెప్పుకోవడం తేలికయ్యేదేమో. నాకున్నది కుతూహలం, అంతే. ఐదేళ్లుగా ఎండలో ఇల్లిల్లూ తిరిగి, ఇరుగుపొరుగును అడిగి నింపుతున్న ఈ గడిని అసలెవరైనా చదువుతున్నారా, రిజిస్ట్రారాఫీసుకు ఖాళీగా పంపితే ఏమవుతుంది, తిప్పి పంపితే అప్పుడు రాసేస్తే పోలేదా అనుకున్నాను. ముద్ర వేశాను.

"నా పేరు రాశారాండీ?" అంది నాగమ్మ. ఆమెకు చదువు రాదు.

"రాశానమ్మా" అన్నాను.

కాగితం తిరిగి రాలేదు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఎవరూ చదవరన్న నా అనుమానం నిజమైనందుకు లోలోపల సంబరపడ్డాను కూడా. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. వారం తిరక్కుండా నాగమ్మ చట్టీ కుండా వీధిలో పడ్డాయి. ఆ ఇల్లు వ్యాపారి గడ్డీ, గంపలూ వేసుకునే కొట్టమైంది. అప్పటికైనా వెళ్లి నిజం చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. గడి ఎందుకు వదిలావని అడుగుతారు, ఉద్యోగం ఊడుతుంది. నిజంగా ఆ భయమేనా? ఒక కూలిమనిషి దగ్గర అబద్ధాలకోరుగా నిలబడలేకనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలలేదు.

రెండేళ్ల తర్వాత బాపులపాడు దారిలో వరినాట్లు వేస్తూ కనబడింది. ఎవరిదో పశువుల పాకలో ఓ మూల తలదాచుకుంటోందట. నన్ను గుర్తుపట్టి గట్టు మీదికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీరు రాశారు గదా బాబుగారూ. ఆళ్లే చూసుకోలా" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

నేను తల ఊపాను. అవును, వాళ్లే చూడలేదన్నట్టు ఊపాను. గడి వదలడం కంటే ఆ తల ఊపడమే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. నాగమ్మ ఉందో లేదో తెలియదు. ఉన్నా ఈ కాగితం ఆమె చదవలేదు. మీరు చదివారు, చాలు.

నేను రాయలేదు, నాగమ్మా. నీ పేరు నేను రాయలేదు.